సైన్సు పార్టీ మన కూలి ఎంతని చెబుతుంది?

పోయిన మిరప కోతల కాలంలో, ఖమ్మం, ఉమ్మడి కృష్ణా జిల్లాల సరిహద్దున ఒక ఊళ్లో కూలిరేట్ల మీద సమావేశం పెట్టుకున్నాం. రాత్రి తొమ్మిది దాటింది. మాట్లాడవలసినవి అయిపోయి జనం లేవబోతుండగా, పట్నంలో డిగ్రీ చదివి వచ్చిన మన వాడకట్టు కుర్రాడు ఒకడు నిలబడి అడిగాడు. "అన్నా, ఉన్న పార్టీలన్నీ కులం లెక్కా డబ్బు లెక్కా చూసుకుంటున్నాయి. అట్లా కాకుండా ఒక కొత్త పార్టీ పెట్టి, కూలి గానీ తిండి గానీ చదువు గానీ వైద్యం గానీ, ఏ విషయంలోనైనా సైన్సు ఏం తేల్చితే అదే మా విధానం అంటే ఎట్లా ఉంటది?"

కొంతమంది నవ్వారు. వెనక కూర్చున్న ఒక ముసలావిడ మాత్రం, "శాస్త్రమంటే ఏందయ్యా, పంతులుగారు చెప్పే శాస్త్రమా?" అని అడిగింది. "కాదు పెద్దమ్మా, లెక్క కట్టి, పరీక్ష పెట్టి, నిజమో కాదో తేల్చేది" అన్నాడు కుర్రాడు. "అట్లయితే మా కూలి ఎంతుండాలో గూడా చెబుద్దా మరి?" అందావిడ. కుర్రాడి దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి మా దగ్గర కూడా పూర్తి జవాబు లేదు. కాగితాలు తిరగేసుకుని ఇప్పుడు రాస్తున్నాం.

కుర్రాడి మాటకు మేము నవ్వలేదు. అజ్ఞానం వల్ల పోయే ప్రాణాలు ముందు మన వాడల్లోనే పోతున్నాయి. పాము కరిస్తే మంత్రగాడి దగ్గరికీ, కామెర్లు వస్తే పసరు మందుకూ పరుగెత్తి మనుషుల్ని పోగొట్టుకున్నది మనమే. చేతబడి చేశారని పళ్లు రాలగొట్టింది కూడా పేదవాళ్లవే. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోనే రాసుకున్నాం. శాస్త్రవేత్త రాజకీయాల్లోకి రావడమూ కొత్త కాదు. ఒక చిన్న దుకాణదారు కొడుకైన మేఘనాథ్ సాహా 1952లో వామపక్షాల మద్దతుతో కలకత్తా నుంచి లోక్‌సభకు గెలిచి, వరదల మీదా కాందిశీకుల మీదా ప్రభుత్వాన్ని నిలదీశారు. కనుక కోరికలో తప్పు లేదు. అసలు చిక్కు వేరేచోట ఉంది. ముందు పెద్దమ్మ ప్రశ్నతోనే మొదలుపెడదాం.

కూలి ఎంతుండాలో సైన్సు చెప్పగలదా? చెప్పింది. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పింది. 1957లో 15వ భారత కార్మిక మహాసభలో ప్రభుత్వమూ యజమానులూ కార్మిక సంఘాలూ కూర్చుని ఒక కొలత ఒప్పుకున్నారు. ఒక కుటుంబం అంటే భర్త ఒక యూనిట్, భార్య 0.8, పిల్లలిద్దరూ చెరి 0.6, వెరసి మూడు యూనిట్లు. యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి. కుటుంబానికి ఏడాదికి 72 గజాల గుడ్డ. ఇంటి అద్దె. వంటచెరకుకూ దీపానికీ చిల్లర ఖర్చులకూ కలిపి మొత్తంలో 20 శాతం. ఇది కనీస వేతనం. 1991లో సుప్రీంకోర్టు దీనికి మరో 25 శాతం కలపమంది: పిల్లల చదువు, వైద్యం, పండగ పబ్బం, ముసలితనం, పెళ్లిళ్ల కోసం.

ఈ లెక్కలో మనకు తగాదా లేకపోలేదు. భార్యను 0.8 అని తేల్చిన పెద్దమనుషులు, మోకాలి లోతు బురదలో పొద్దస్తమానం నడుము వంచి నాటు వేసే ఆడమనిషిని చూసి తేల్చి ఉండరు. పెద్దమ్మలాంటి ముసలివాళ్లు ఆ మూడు యూనిట్లలో ఎక్కడా లేరు. తినేవాళ్ల లెక్కలో లేరు గానీ కోతకు మాత్రం వస్తున్నారు. అయినా సరే, ఆ కొలతే అమలైతే మన ఇళ్లలో పొయ్యి వేరుగా వెలిగేది.

మూడోసారి 2019లో. కేంద్ర ప్రభుత్వమే వేసిన నిపుణుల సంఘం, అనూప్ సత్పతి అధ్యక్షతన, కొత్తగా లెక్క కట్టింది. కుటుంబాన్ని 3.6 యూనిట్లుగా తీసుకుంది. కేలరీలను 2,400కు తగ్గించి, దానికి 50 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల కొవ్వు జతచేసింది. 2018 జూలై ధరల ప్రకారం దేశంలో ఎక్కడా రోజు కూలి 375 రూపాయలకు తగ్గకూడదని తేల్చింది. అప్పటికి జాతీయ స్థాయి కనీస కూలి 176 రూపాయలు. మరి ప్రభుత్వం ఎంత పెంచిందనుకున్నారు? అదే ఏడాది జూలైలో 178 చేసింది. రెండు రూపాయలు! సొంత నిపుణులు సొంత కాగితం మీద వేసిన లెక్కకు ఇచ్చిన విలువ అది. 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమల్లోకి తెచ్చారు. ఆ కోడ్ కింద కట్టే కూలికి ఏ లెక్క ఆధారం అన్నది ఏ పార్టీనైనా అడగవలసిన మొదటి మాట.

ఇక్కడ మోతుబరులు ఒక మాట అంటారు. కూలి పెంచితే చిన్న రైతు చస్తాడని. చిన్న రైతు చితికిపోతున్న మాట నిజమే. మన పక్కనే ఉన్నాడు, మనతోపాటు కూలికీ వస్తున్నాడు. కాని అతనికి గిట్టుబాటు ఎంతో కూడా సైన్సు తెలిసినవాళ్లు చెప్పారు. స్వామినాథన్ కమిషన్ 2006లో, సాగు ఖర్చు మీద కనీసం 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వమంది. 2018 నుంచి ప్రభుత్వం అట్లాగే ఇస్తున్నామంటోంది గానీ, ఆ ఖర్చులో భూమి కౌలూ పెట్టుబడి మీద వడ్డీ కలపకుండా తక్కువ లెక్క పట్టుకుంది. 2024లో స్వామినాథన్‌కు భారతరత్న ఇచ్చారు. ఆయన ఫోటోకు దండ పడింది, సిఫారసు దస్త్రంలోనే ఉంది. చిన్న రైతుకు రావలసింది మన కూలిలోంచి కోసిపెట్టవలసిన అవసరం లేదు.

ఇక ఉపాధి పని సంగతి కొంచెం నిలబడి చూడాలి. ఎందుకంటే ఇందులో జరిగింది అచ్చంగా ప్రయోగశాలలో జరిగినట్టు జరిగింది, అదీ మన గడ్డ మీదే.

2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలుపెట్టారు. అప్పటినుంచి ప్రతి ఊళ్లో ఆసాముల నోట ఒకటే పాట: ఈ పని వచ్చి కూలోళ్లు సోమరులైపోయారు, పొలాలకు మనిషి దొరకడం లేదు, వ్యవసాయం నాశనమైపోయింది అని. ఆ పాట నిజమా అబద్ధమా? ఎట్లా తేల్చాలి? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010-12 మధ్య 8 జిల్లాల్లో 157 మండలాల్లో, దాదాపు 1 కోటీ 90 లక్షల జనాభా ఉన్నచోట, వేలిముద్ర కార్డులు పెట్టి ఉపాధి కూలి సరిగా చేతికందేటట్లు చేశారు. ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తర్వాత అన్నది లాటరీ తీసి నిర్ణయించారు. పేదల మండలమనీ మంత్రిగారి మండలమనీ ఏరుకోలేదు గనక, రెండు రకాల మండలాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా దేనివల్ల వచ్చిందో తెలిసిపోతుంది. కొత్త ఎరువు చల్లిన మడినీ చల్లని మడినీ గట్టు మీద నిలబడి పోల్చుకున్నట్టే.

కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుక్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ తేడాను కొలిచారు. ఎర్రజెండా పట్టినవాళ్లేమీ కాదు. వాళ్ల చివరి వ్యాసం 2023లో అచ్చయింది. ఏం తేలింది? కూలి త్వరగా అందింది, మధ్యలో తినేది తగ్గింది. పేద కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ పెరిగినదాంట్లో 86 శాతం ఉపాధి పనిలోంచి వచ్చింది కాదు, బయట పనుల్లో వచ్చింది. చేతిలో వేరే పని ఉందన్న ధీమా కూలీకి వచ్చేసరికి బయట కూలిరేటు పెరిగింది. రేటు పెరిగితే పని తగ్గాలి కదా? తగ్గలేదు, పనీ పెరిగింది. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలో ఇంకా ఎక్కువ పెరిగింది. అంటే అంతకుముందు అక్కడ భూస్వాములు తమ పట్టుతో కూలినీ పనినీ రెండింటినీ తొక్కిపట్టి ఉంచారన్నమాట. అదే లెక్కలో ఇంకో సంగతి: భూమి మీద వచ్చే రాబడి తగ్గింది.

ఇప్పుడు ఆసాముల పాట ఎందుకో తెలిసింది గదా.

సంఘంలో పనిచేసేవాళ్లం ముప్ఫయ్యేళ్లుగా చెబుతున్నదే ఇది. మేము చెబితే అది రాజకీయం. ఇప్పుడు లాటరీ తీసి, లెక్క కట్టి తేల్చారు. తేల్చిన తర్వాత పాలకులు ఏం చేశారు? 2025 డిసెంబరులో పార్లమెంటులో పాత చట్టం స్థానంలో కొత్త చట్టం చేశారు. కాగితం మీద 100 రోజులు 125 అయ్యాయి. కాని ఖర్చులో 40 శాతం రాష్ట్రాల నెత్తిన పెట్టారు. పైగా నాట్లూ కోతలూ ముమ్మరంగా ఉన్న కాలంలో ఏడాదికి 60 రోజుల వరకు పనులు ఆపేయవచ్చని రాశారు. కూలీకి బేరమాడే సత్తా ఏ రోజుల్లో ఉంటుందో సరిగ్గా ఆ రోజుల్లో! ప్రయోగం ఏం చూపించిందో బాగా అర్థం చేసుకునే ఈ 60 రోజులు పెట్టారేమో అనిపిస్తుంది.

కనుక తమ్ముడూ, సైన్సు లేక మనకు న్యాయం జరగడం లేదని అనుకోవద్దు. సైన్సు ఒక జవాబు చెప్పినప్పుడు, అది భూమి ఉన్నవాడికి గిట్టకపోతే, నీ పార్టీ ఎవరి పక్కన నిలబడుతుంది? ఇది తేలందే "సైన్సు పార్టీ" అనే మాటకు అర్థం లేదు. ఎందుకంటే అట్లాంటి పార్టీ పెట్టేది ముందు చదువుకున్నవాళ్లు, వాళ్లకు చందా ఇచ్చేది ఉన్నవాళ్లు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం మన దేశంలో ఎప్పటినుంచో ఉన్నదే.

ఇంతమటుకూ ఎదుటివాళ్ల సంగతి. మా తప్పు ఒకటి కూడా ఒప్పుకోవాలి. రేషన్ షాపుల్లో వేలిముద్ర మిషన్లు పెట్టినప్పుడు మేము గట్టిగా మెచ్చుకున్నాం. డీలర్ల దొంగ కార్డులు పోతాయని ఊరూరా చెప్పాం. తర్వాత మా మండలంలోనే పత్తి ఏరి, మిరప కోసి, పొగాకు గ్రేడింగు చేసి వేళ్లు అరిగిపోయిన ముసలమ్మలు నాలుగేసి సార్లు తిరిగి, ముద్ర పడక, ఉత్త సంచితో ఇంటికి పోతుంటే కళ్లు తెరుచుకున్నాం. పెట్టకముందు ఎవరినైనా అడిగామా? లేదు. పెట్టింతర్వాత ఎంతమంది వెనక్కి పోతున్నారో లెక్క రాశామా? అదీ లేదు. మా నమ్మకాన్నే సైన్సు అనుకున్నాం.

పైన చెప్పిన ముగ్గురే 2016-17లో జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసినప్పుడు ఏమైందో కూడా కొలిచారు. ఆ నిబంధనతో దొంగతనం మొదట ఏమీ తగ్గలేదు. ఆధార్‌తో ముడిపడని కార్డుదారులు సుమారు 23 శాతం ఉన్నారు, వాళ్లకు అందే సరుకు విలువ 10 శాతం తగ్గిపోయింది. మన దగ్గర మంచి చేసిన వేలిముద్ర అక్కడ చెడు ఎందుకు చేసింది? మన దగ్గర కార్డు రానివాళ్లకు పాత పద్ధతిలోనే కూలి ఇచ్చారు. కూలి చేతికందించాలన్నది అక్కడ ఉద్దేశం. జార్ఖండ్‌లో ఉద్దేశం ఖర్చు మిగల్చడం. కొడవలి ఒకటే, కోసింది వేరు. "మేము ఫలానా టెక్నాలజీ తెస్తాం" అనే పార్టీని మనం నమ్మలేకపోవడానికి కారణం ఇదే.

సైన్సు పేరు చెప్పి పేదల ఒళ్ల మీద చేసిన పనులు కూడా మరిచిపోలేం. జనాభా తగ్గించడం శాస్త్రీయం అన్నారు, 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఎమర్జెన్సీ చీకట్లో పేదవాళ్లనూ కూలీలనూ బలవంతాన పట్టుకుపోయారు. మన ఖమ్మం జిల్లాలో 2009లో గర్భాశయ ముఖద్వార కేన్సరు రాకుండా వేసే టీకాను పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు, సుమారు 14 వేలమందికి వేశారు. ఎక్కువమంది గిరిజన, దళిత పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. తల్లిదండ్రులు పెట్టవలసిన సంతకాలు చాలాచోట్ల వార్డెన్లూ హెడ్మాస్టర్లూ పెట్టారు. గొడవ అయితే 2010 ఏప్రిల్‌లో ఆపారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. జాగ్రత్తగా చెప్పాలి: అక్కడ చనిపోయిన పిల్లలు టీకా వల్లే చనిపోయారని విచారణలో తేలలేదు. ఆ టీకా మంచిదే, కేన్సరును ఆపుతుందని ప్రపంచమంతా ఒప్పుకున్నదే. టీకాల మీద భయం పుట్టించేవాళ్లతో మనం కలవకూడదు. కాని మన పిల్ల ఒంటికి సూది గుచ్చేముందు తల్లికి అర్థమయ్యే భాషలో చెప్పి, ఆమె ఒప్పుకుంటే వేయాలన్నది కూడా సైన్సు నియమమే. కోయ గూడెంలో ఆ నియమం అక్కర్లేదని ఎవరు అనుకున్నారు, ఎందుకు అనుకున్నారు?

గుడ్డు సంగతి ఒక ముక్కలో చెప్పుకోవచ్చు. పిల్లలకు గుడ్డు మంచి ఆహారమని డాక్టర్లందరూ అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. అయినా 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టనివ్వనన్నారు. తినేది గిరిజన పిల్లలు, మడి కట్టుకున్నది పాలకులు. మన రెండు రాష్ట్రాల్లో అంగన్‌వాడీలో గుడ్డు ఉంది. అక్కడ కొట్లాట అది చిన్నదా, కుళ్లిందా, నెలకు ఎన్ని మాయమవుతున్నాయి అన్నదాని మీద.

లెక్కే లేకపోతే సైన్సు ఏం మాట్లాడుతుంది? 2017-18లో జనం ఎంత తింటున్నారు, ఎంత ఖర్చు పెడుతున్నారు అని ప్రభుత్వమే సర్వే చేసి, 2019లో అది బాగాలేదని బయటపెట్టకుండా ఆపేసింది. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు, 2027లో చేస్తామని ప్రకటించారు. అందువల్ల ఉమ్మడి రాష్ట్రంలో సేద్యగాళ్లు సుమారు 65 లక్షలు, వ్యవసాయ కూలీలు 1 కోటీ 69 లక్షలు అన్న 2011 అంకెలనే ఇంకా చెప్పుకోవలసి వస్తోంది. ఒక్క సేద్యగాడికి ఇద్దరు ముగ్గురు కూలీలు! భూమి లెక్క సంగతి వేరే చెప్పాలా? కోనేరు రంగారావు కమిటీ 2006లో 104 సిఫారసులు చేసింది. ప్రభుత్వం వేసిన కమిటీయే. అవి అమలు చేయండి, ఇళ్ల స్థలాలివ్వండి అని అడిగినందుకు 2007 జూలై 28న ముదిగొండలో కాల్పులు జరిపి ఏడుగురిని చంపారు. లెక్క చెప్పింది ఒకరు, తూటాలు తిన్నది ఇంకొకరు.

మరి ఆశ లేదా? ఉంది, మనం చూసిందే. 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి పనుల మీద సామాజిక తనిఖీ మొదలైంది, 2009లో దానికోసం ప్రత్యేక సంస్థ పెట్టారు. కూలి కుటుంబాల పిల్లలకే శిక్షణ ఇచ్చి, మస్టరు కాగితాలు వాళ్ల చేతికిచ్చి, ఇంటింటికీ పంపారు. చచ్చిపోయినవాళ్ల పేర్లతో ఎత్తిన డబ్బు, తవ్వని చెరువు, వేయని రోడ్డు, అన్నీ మండల కేంద్రంలో జనం ముందు చదివారు. ఎనిమిదో తరగతి తప్పిన పిల్ల మైకు పట్టుకుని ఇంజనీరును "సార్, ఈ కొలత ఎక్కడ కొలిచారు?" అని అడగడం మేము కళ్లారా చూశాం. రాబట్టింది తక్కువే, శిక్షలు పడింది ఇంకా తక్కువే. అయినా మా దృష్టిలో సైన్సు అంటే ఆ పిల్ల అడిగిన ప్రశ్న. కొత్త పార్టీ పెట్టేవాళ్లు ఢిల్లీలో నిపుణులను పోగుచేసే ముందు ఆ పిల్లను వెతుక్కోవాలి. ఏ విధానమైనా ఎవరి మీద అమలవుతుందో వాళ్లను ముందు అడగాలి. ఏ అంకె వస్తే తమ విధానం తప్పని ఒప్పుకుంటారో ముందే గోడ మీద రాయాలి. వచ్చిన లెక్క చందా ఇచ్చినవాడికి గిట్టకపోయినా బయటపెట్టాలి. ఇవి చేయగల పార్టీ ఏ పేరుతో వచ్చినా మేము మాట్లాడటానికి సిద్ధం. ఉన్న సంఘాలు, మాతో సహా, ఇవి చేయకపోతే అడిగే హక్కు కుర్రాడికి ఉంది.

ఆ ఊరికి మళ్లీ పోయినప్పుడు అతను ఒక పెద్ద నోటుపుస్తకం కొనిపెట్టాడు. రోజు, పని, ఎన్ని గంటలు, ఎండ ఎట్లా ఉంది, మగకూలి ఎంత, ఆడకూలి ఎంత, ఇంట్లో తినేవాళ్లు ఎందరు అని గళ్లు గీశాడు. సాయంత్రం పని నుంచి వచ్చేవాళ్లను ఆపి రాస్తున్నాడు. పెద్దమ్మ అందరికన్నా ముందు వచ్చి కూర్చుని, తినేవాళ్ల గడిలో తన పేరు కూడా రాయించుకుంది. వచ్చే నాట్ల నాటికి ఇట్లాంటి పుస్తకం కనీసం మండలానికి అయిదు ఊళ్లలో నడవాలి. ఉపాధి పనులు ఆపే 60 రోజుల్లో కూలిరేటు పెరిగిందా, పడిపోయిందా అన్నది మనమే రాసిపెట్టుకోవాలి. గళ్లు ఎట్లా గీయాలో కావలసినవాళ్లు మీ మండల సంఘం వాళ్లను అడగండి.